చుక్క పడకుండానే వంక వచ్చింది: వేసవి వానల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అకాల వానల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మామిడికాయలు రాలిపోయాయనీ, కల్లంలో వడ్లు తడిసిపోయాయనీ రాసినవాళ్లకు వచ్చే నెల విడిగా జవాబిస్తాను. ఈసారికి రోడ్డు మీదికొచ్చే నీళ్ల సంగతే చూద్దాం.

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. మా ఊరి రోడ్డు ఒక వంక (చిన్న వాగు) మీదుగా పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. పోయిన నెల ఒక సాయంత్రం మా దగ్గర చుక్క వాన లేదు, ఎండ కూడా కాస్తోంది, అట్లాంటిది ఒక్కసారిగా ఎర్రనీళ్లు వచ్చి రోడ్డెక్కాయి. మేకలు తోలుకొస్తున్న మా మామ కొద్దిలో తప్పించుకున్నాడు. ఎక్కడివండీ ఆ నీళ్లు?

జవాబు: మీ ఊళ్లో పడకపోయినా వంక పుట్టేచోట, గుట్టల మీద పడి ఉంటుంది. ఉరుముల వాన తీరే అంత. మధ్యాహ్నం దాకా నేల కాగి కాగి ఆ వేడి గాలి పైకి లేస్తుంది, దానికి బంగాళాఖాతం వైపు నుంచి వచ్చిన తేమ తోడైతే రెండు మూడు గంటల్లోనే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మబ్బు పేరుకుంటుంది. వాతావరణ శాఖవాళ్లు క్యుములోనింబస్ అనేది దీన్నే. ఎత్తు ఉన్నంతగా వెడల్పు ఉండదు, అందుకే ఒక ఊరు తడిసి ముద్దయితే పక్క ఊళ్లో దుమ్ము లేస్తుంటుంది. ఒక్కో మబ్బు ఆయుష్షు అరగంట నుంచి గంట, కానీ ఆ కాసేపట్లోనే 50 మిల్లీమీటర్లు కుమ్మరించి పోగలదు.

50 మిల్లీమీటర్లంటే రెండంగుళాలే కదా అనుకోకండి. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు పడితే లీటరు నీళ్లు. మీ వంకలోకి నీళ్లు దించే గుట్టలూ చేలూ అన్నీ కలిపి పది చదరపు కిలోమీటర్లు అనుకుందాం, అంటే చిన్న వంకే. దాని మీద 50 మిల్లీమీటర్లు పడితే 50 కోట్ల లీటర్లు. వానాకాలంలో అయితే దున్నిన చేలు, గడ్డి, మొక్కల వేళ్లు కొంత తాగేస్తాయి. మే నెలలో తాగేవాళ్లు ఎవరున్నారు? గుట్టేమో బండ. ఎర్రనేల పైన ఎండకు పెళుసు కట్టి ఉంటుంది, పెద్ద చినుకుల దెబ్బకు సన్నమట్టి చెదిరి ఉన్న సందుల్ని కూడా పూడ్చేస్తుంది. నల్లరేగడి అయితే మొదట పగుళ్లలోకి బాగానే గుంజుకుంటుంది, కాసేపటికి మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకుపోతాయి, ఇక ఆ పైన పడిందంతా పారుడే. పడినదాంట్లో సగం జారినా 25 కోట్ల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు యాభై వేలు మీ ఊరి ఇరుకు వంకలో ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టు.

ఇక ఎండ సంగతి. నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో వస్తాయనుకుంటే ఎనిమిది కిలోమీటర్లు రావడానికి గంటా పది నిమిషాలు పట్టదు. గుట్టల మీద నాలుగింటికి వాన మొదలైతే మీ దగ్గరికి నీళ్లు ఐదు దాటాక చేరతాయి, అప్పటికి అక్కడ మబ్బు కూడా విడిపోయి ఉంటుంది. మీ మామలాగా వంకలో తిరిగేవాళ్లు, చెలిమెలో నీళ్లు తోడుకునేవాళ్లు, నీడ ఉందని ఇసుకలో పడుకునేవాళ్లు చూడాల్సింది నెత్తి మీద ఆకాశాన్ని కాదు, వంక ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపున్న ఆకాశాన్ని. అటు నల్లగా ఉన్నా, ఉరుము వినపడినా గట్టెక్కేయాలి. ఉన్న కాస్త నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా ఇక మేకల్ని లెక్కపెట్టుకునే టైం లేదు.

ప్రశ్న: సార్, నేను సాలూరు వైపు ఆటో తోల్తాను. మా దారిలో గెడ్డ (వాగు) మీద కాజ్‌వే ఉంది, అదే, వరదొస్తే నీళ్లు పైనుంచి పారే చదును వంతెన. వాన పడ్డప్పుడు మోకాలి కిందికే నీళ్లుంటాయి. నేను ఆగితే ప్యాసింజర్లు ఊరుకోరు, పక్క ఆటోవాడు దాటించేశాడు కదా అంటారు. అసలు ఎంత లోతు దాకా దాటొచ్చు?

జవాబు: నీళ్లు కదులుతుంటే దాటొద్దు. లోతు ఎంతైనా సరే. ఇదేదో చేతులు కడుక్కోవడానికి చెప్పే మాట కాదు, లెక్క చూపిస్తాను.

ముందు కారు తీసుకుందాం, ఎందుకంటే కారు ఉన్నవాళ్లకే ధైర్యం ఎక్కువ. చిన్న కారు బరువు సుమారు 850 కిలోలు. పొడవు మూడున్నర మీటర్లు, వెడల్పు మీటరున్నర, అంటే అడుగు భాగం ఐదు చదరపు మీటర్ల పైచిలుకు. రోడ్డుకూ కారు అడుగుకూ మధ్య సందు 17 సెంటీమీటర్లు. నీళ్లు ఆ సందు నిండి ఇంకో 16 సెంటీమీటర్లు ఎక్కాయంటే, కారు పక్కకు నెట్టిన నీళ్ల బరువు కారు బరువుకు సమానమైపోతుంది. ఇక టైర్లకు రోడ్డు మీద పట్టు ఉండదు, స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే. మొత్తం 33 సెంటీమీటర్లు, అంటే అడుగూ ఒక అంగుళం. మీరు చెప్పిన మోకాలి కిందే.

ఆటోకు పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి నీళ్లు లోపలికి దూరిపోతాయి, తేలదు కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, తేలదు, పల్టీ కొడుతుంది. ముందు ఒక్క చక్రం, పైన రేకూ టాపూ, లోపల ఏడెనిమిది మంది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ట్రాక్టరు బరువుగా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదనుకునేవాళ్లకు కూడా ఒక మాట: వెనక తగిలించిన ఖాళీ ట్రాలీ పడవలా లేచి పక్కకు తిరిగిందంటే ఇంజన్‌ని కూడా తనతో లాక్కుపోతుంది. అందులో కూలీలు నిలబడి ఉంటారు.

ఇంకో సంగతి లోతుకు సంబంధించింది కాదు. కాజ్‌వే మీద నుంచి దూకే నీళ్లు దిగువ వైపు అంచు కింద మట్టిని తోడేస్తాయి. పైన తారు పలక మాత్రం కింద ఆధారం లేకుండా అలాగే ఉండిపోతుంది. బురదనీళ్లలో అది ఎవరికీ కనపడదు. మీ ముందు వెళ్లిన ఆటో దాటిందంటే ఆ పలక ఆ ఒక్క ఆటోను మోసిందని అర్థం, మిమ్మల్ని మోస్తుందని కాదు.

ప్యాసింజర్లకు ఏం చెప్పాలంటారా, ఇలా చెప్పండి. వానాకాలంలో ముసురు పట్టి వచ్చే వరద వేరు, చెరువులు నిండి అలుగులు దూకుతుంటే రోజుల తరబడి తగ్గదు. వేసవి వరద అలా కాదు. మబ్బు పోయాక చిన్న గెడ్డ అయితే గంటా రెండు గంటల్లో దిగిపోతుంది, ఎంత విసురుగా వచ్చిందో అంత తొందరగానే పోతుంది. అంటే మనం ప్రాణానికి పందెం కాస్తున్నది ఓ రెండు గంటల కోసం. గట్టు మీద ఒక రాయి దగ్గర నీటి అంచుకు గుర్తు పెట్టి చూస్తూ ఉండండి. అంచు వెనక్కి పోతుంటే తగ్గుతున్నట్టు. ఒకవేళ ఎగువన మళ్లీ ఉరుముతుంటే మాత్రం రెండో విడత వస్తుంది, ఇంకాసేపు ఆగాల్సిందే. అప్పటికీ గొడవ చేసేవాళ్లుంటే ఆటో దిగి నడిచి దాటమనండి చూద్దాం, నూటికి తొంభై మంది దిగరు. ఆ పది మందిని మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి, ఎందుకంటే విసురుగా పారే నీళ్లు చీలమండ దాటితే చాలు, మనిషి కాలు నిలవదు.

ప్రశ్న: ఎండాకాలంలో నాలుగు చినుకులు పడితే సంతోషించాలి గానీ మీ పత్రికలవాళ్లు ఎప్పుడూ భయపెడతారేంటి? (కరీంనగర్)

జవాబు: సంతోషించండి, నేనూ సంతోషిస్తాను. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు ఓ వాన పడితే ఎవరికి చేదు? ఇంటి అరుగు మీద కూర్చుని సంతోషించమంటున్నాను, అంతే.

ప్రశ్న: జడ్చర్ల మండలంలో మా ఊరికి రైలు గేటు తీసేసి కింద నుంచి దారి వేశారు. చినుకు పడితే చాలు అది చెరువే. మే నెలలో పెళ్లిళ్లకు ఎన్ని బండ్లు పోతాయో! మా పిల్లల బడి బస్సు కూడా అదే దారి. ఎవరిని అడగాలి?

జవాబు: మీ ఒక్క ఊరి బాధ కాదమ్మా ఇది. కాపలా లేని రైలు గేట్ల దగ్గర ప్రమాదాలు ఎక్కువని బ్రాడ్‌గేజ్ లైన్ల మీద వాటన్నిటినీ 2019 జనవరికల్లా తీసేశారు, చాలాచోట్ల వాటి బదులు వచ్చినవే ఈ అండర్‌బ్రిడ్జీలు. రైలు గండం తప్పింది, అందులో సందేహం లేదు. కానీ నేల మట్టానికి కింద తవ్విన దారిలోకి చుట్టుపక్కల చేలల్లోని నీళ్లన్నీ దిగుతాయి, వాటంతట అవి బయటికి పోవడానికి వాలు ఉండదు. అందుకని మోటారు పెడతారు. ఇక్కడే ఉంది తిరకాసు: ఉరుముల వానకు ముందు వచ్చేది ఈదురుగాలి, గాలికి చెట్టు కొమ్మ తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, మోటారు ఆగిపోతుంది. సరిగ్గా నీళ్లు తోడాల్సిన వేళకే. కాబట్టి మీరు అడిగేటప్పుడు ‘మోటారు పెట్టండి’ అని కాదు, ‘డీజిల్ మోటారు పెట్టండి, పై నుంచి వచ్చే నీళ్లు లోపలికి దిగకుండా రెండువైపులా దారికి అడ్డంగా గట్టూ కాలువా కట్టండి, పైన రేకుల కప్పు వేయండి’ అని అడగండి. అర్జీ డివిజనల్ రైల్వే మేనేజర్ పేరున, కాపీ కలెక్టరుకు, గ్రామసభ తీర్మానం జతచేసి పంపండి. ఖర్చు లేని పని ఇంకొకటుంది. ఎంత ఎత్తు బండి పడుతుందో చెప్పే బోర్డు అక్కడ ఉంటుంది, నీళ్లు ఎంత లోతున్నాయో చెప్పే గీతలు ఉండవు. గోడ మీద అడుగడుగుకూ రంగు గీతలు కొట్టించండి, ఒక అడుగు దగ్గరే ఎర్రగీత. పంచాయతీ పెయింటు డబ్బా చాలు.

మీ పిల్లల బస్సు గురించి మీకున్న టెన్షన్ ఊరికే కాదు. 2022 జులైలో మీ పాలమూరు జిల్లాలోనే మాచన్‌పల్లి దగ్గర రైలు వంతెన కింద బడి బస్సు నీళ్లలో చిక్కుకుంటే ఊళ్లోవాళ్లు పిల్లల్ని బయటికి తీశారు. 2023 మే 21న బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో అంత అదృష్టం దక్కలేదు. ఆంధ్ర నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, కుటుంబంతో కలిసి వెళుతున్న కారు నీళ్లలో ఆగిపోయి, ప్రాణాలు కోల్పోయింది. మామూలు వేసవి సాయంత్రపు వానే అది. బస్సు డ్రైవరుతో, బడివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి: నీళ్లుంటే చుట్టు తిరిగి వస్తాడు, ఆలస్యమైందని ఎవరూ ఏమీ అనరు. ఆ రెండో మాట చెప్పకపోతే మొదటిదానికి విలువ లేదు.

ఖర్మకాలి కారు నీళ్లలో ఆగిపోతే వెంటనే సీటు బెల్టు తీసి, కరెంటు పనిచేస్తుండగానే అద్దాలు దించేయాలి. బయట నీళ్లు పెరిగితే ఆ ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, అద్దం దారే గతి. సామాన్ల సంగతి తర్వాత.

ప్రశ్న: వాగు తగ్గేదాకా ఆగమంటారు సరే, పిడుగులు పడుతుంటే ఎక్కడ ఆగాలి? చెట్టు కిందనేనా? (చింతపల్లి)

జవాబు: చెట్టు కింద మాత్రం వద్దు. కారులో ఉంటే అద్దాలు ఎక్కించి అందులోనే కూర్చోండి, పిడుగు పడినా రేకు మీదుగా నేలలోకి పోతుంది. బైకు అయితే దాన్ని వదిలేసి దగ్గర్లో పక్కా ఇల్లో బడో ఉంటే అక్కడికి పోవాలి. అదీ లేకపోతే ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, నీళ్లకు దూరంగా, పల్లంలో (వాగులో కాదు!) పాదాలు దగ్గర పెట్టుకుని గొంతుకూర్చోండి. పడుకోవద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లయితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగి లేవండి.

ప్రశ్న: ఫోన్‌కు వచ్చే హెచ్చరికల్లో అన్నీ ‘అక్కడక్కడా’, ‘ఒకటి రెండు చోట్ల’ అనే ఉంటాయి. మా మదనపల్లెలో పడుతుందా లేదా చెప్పరేం?

జవాబు: చెప్పలేరు కాబట్టి. తుపాను అయితే వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, రోజుల ముందే కనపడుతుంది. ఉరుముల మబ్బు ఉదయానికి అసలు పుట్టనే లేదు. విదర్భ నుంచి కర్ణాటక మీదుగా ద్రోణి ఉంది, తేమ ఉంది, ఎండ ఉంది, కాబట్టి ఈ జిల్లాల్లో ఎక్కడో ఒకచోట పుడుతుంది అనే దాకా ముందురోజు చెప్పగలరు. ఏ మండలం అనేది మబ్బు పుట్టాక రాడార్ చూసి చెప్పాల్సిందే. హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నం, శ్రీహరికోటల్లో ఆ రాడార్లున్నాయి. అందుకని పొద్దున ఒకసారి హెచ్చరిక రంగు చూడండి: పసుపు అయితే కనిపెట్టుకుని ఉండమని, ఆరెంజ్ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు అయితే జాగ్రత్త చర్యలు తీసుకోమని. మధ్యాహ్నం మూడు తర్వాత బయల్దేరే ముందు ‘నౌకాస్ట్’ చూడండి, రాబోయే రెండు మూడు గంటలకు ఇచ్చేది అదే. ‘దామిని’ యాప్ మీకు 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చెబుతుంది, నా ఉద్దేశంలో వాగుల దారుల్లో తిరిగేవాళ్లకు కూడా అదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే పిడుగు ఉన్నచోట కుండపోత ఉండే అవకాశం ఎక్కువ. అయితే యాప్ కంటే ఎగువ ఊళ్లో ఉన్న మేనమామకు ఒక్క ఫోన్ నయం.

ప్రశ్న: ఆస్టిన్‌లో ఉంటాం. ఇక్కడ ఊరి బయట రోడ్లు వాగు దాటేచోట నీటి లోతు చెప్పే అడుగుల గుర్తులు వేసిన కర్రలు పాతి ఉంటాయి. అమెరికాలో కూడా వంతెనలు కట్టలేదా అని మా నాన్నగారు ఆశ్చర్యపోయారు. (టెక్సస్)

జవాబు: మీ నాన్నగారికి చెప్పండి, మన కాజ్‌వేలాంటివే అవీ. ఏడాదిలో నాలుగు రోజులు పారే వాగుకు ఎత్తైన వంతెన ఎవరు కడతారు? మీరున్న ప్రాంతం సున్నపురాయి గుట్టలు, పైన పల్చటి మట్టి, పడిన వాన పడినట్టే జారుతుంది, మన అనంతపురం గుట్టల తంతే. 2025 జులై 4న తెల్లవారుజామున మీకు పడమర ఉన్న కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది, ఆ వరదల్లో 130 మందికి పైగా పోయారు. అమెరికాలో ఇలాంటి మెరుపు వరదల్లో చనిపోయేవాళ్లలో సగానికి పైగా బండ్లలో ఉన్నవాళ్లే. ఆ కర్ర మీద నీళ్లు ఒక్క అడుగు చూపించినా వెనక్కి తిప్పుకోండి. నీళ్లున్నాయని పెట్టిన అడ్డుగేటును తప్పించి వెళితే మీ రాష్ట్రంలో కేసు పెడతారు, జైలు కూడా ఉంటుంది. ఇక్కడ మనవాళ్లు తాడు కడితే ఆ తాడు పైకెత్తి పట్టుకుని మరీ బైకులు దాటిస్తారు.

ప్రశ్న: నేను తొర్రూరు దగ్గర ఒక ఊళ్లో వార్డు మెంబర్‌ను. మా కల్వర్టుకు రెండు తూములే. పెద్ద వంతెన కావాలని ఎన్నేళ్లుగా అడుగుతున్నా రాదు. మేమేం చేయగలం?

జవాబు: వంతెన వచ్చేదాకా ఆ రెండు తూముల్నన్నా తెరిచి పెట్టండి. మూడడుగుల వ్యాసం ఉన్న సిమెంటు తూము ఒకటి, నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోతే, సెకనుకు దాదాపు 1300 లీటర్లు వదులుతుంది. రెండూ కలిపి 2600. పైన కల్యాణదుర్గం లెక్కలో చెప్పిన 25 కోట్ల లీటర్లు రెండు గంటల్లో వస్తే సెకనుకు 35 వేల లీటర్లు. పదో వంతు కూడా కిందనుంచి పోదు, మిగతాదంతా రోడ్డు మీదనుంచే. అది తూములు శుభ్రంగా ఉంటే లెక్క. ఇప్పుడు ఎండాకాలంలో వెళ్లి వంగి చూడండి: తుమ్మకంప, పత్తికట్టె, ప్లాస్టిక్ సంచులు, ఎవరో పారబోసిన ఇంటి కూల్చివేత మట్టి. చిన్న వానకు కూడా రోడ్డెక్కేది అందుకే.

ఉపాధి పనులకు ప్రతిపాదనలు పెట్టేటప్పుడు కల్వర్టుకు ఎగువా దిగువా కాలువ పూడికతీత రాయించండి. రోడ్డు పంచాయతీరాజ్‌దా ఆర్ అండ్ బీదా అనేది ముందే తేల్చుకుని ఆ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అర్జీ ఇవ్వండి, తప్పుడు ఆఫీసులో ఇచ్చిన అర్జీ ఏళ్లు తిరుగుతుంది. కావాల్సింది వంతెన ఒక్కటే అని పట్టుబట్టకండి. రోడ్డుకు రెండువైపులా తెలుపు నలుపు పట్టీలు కొట్టిన గుంజలు పాతించమనండి, నీళ్లు రోడ్డెక్కినప్పుడు రోడ్డు అంచు ఎక్కడో అవే చెబుతాయి. రాత్రిపూట చాలా బండ్లు అంచు తప్పే పోతాయి. మీ జిల్లాలోనే 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు దగ్గర తండ్రీకూతుళ్లు ఉన్న కారు కొట్టుకుపోయింది మీకు తెలిసిందే, అది వానాకాలపు వరద అయినా రోడ్డు మీద నీళ్లు నీళ్లే. ఊళ్లో నలుగురు కుర్రాళ్లకు ఒక తాడు, రెండు టార్చిలైట్లు, ఎగువ ఊరివాళ్లతో కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటే వాన మొదలవగానే రోడ్డుకు రెండువైపులా అడ్డం పెట్టేయొచ్చు. ఒకవైపే పెడితే లాభం లేదు. ఎవరైనా చిక్కుకుంటే 112కు, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నీళ్లలో కారు ఆగిపోయింది. ఇన్సూరెన్స్ ఉంది కానీ ఇంజన్‌కు రాదంటున్నారు. మోసమా? (నంద్యాల)

జవాబు: పాలసీ తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే మీ బండికి ఏమీ రాదు. ఫుల్ పాలసీ అయితే వరద నష్టం వస్తుంది. కానీ నీళ్లలో ఆగిన ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయబోతే సిలిండర్లోకి నీళ్లు పోయి రాడ్లు వంగిపోతాయి, అది వరద వల్ల కాదు మీరు తాళం తిప్పడం వల్ల అని తోసేస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కట్టినవాళ్లకు మాత్రం వస్తుంది. స్టార్ట్ చేయకపోయి ఉంటే ఫొటోలు, కారును లాక్కొచ్చినవాళ్లు ఇచ్చిన రసీదు పెట్టి గట్టిగా అడగండి. చేసి ఉంటే, వచ్చే ఏడాది పాలసీలో ఆ కవర్ చేర్చుకోండి.